చిమ్మెట రెక్క మీద చుక్క

మా అక్కకు మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఏళ్ల తరబడి పెద్దాసుపత్రి లాండ్రీలో చేస్తున్నది ఆ పనే మరి. ఎవరింటికి వెళ్లినా ముందు కర్టెన్ల అంచులు చూస్తుంది, మనుషుల మొహాలు ఆ తర్వాతే. నేను వాళ్ల పై వాటాలోనే ఉంటాను కాబట్టి, నా దుప్పట్ల సంగతి నాకంటే తనకే బాగా తెలుసు.

తనకు పురుగుల పిచ్చి పట్టింది కూడా ఆ లాండ్రీ పుణ్యాన్నే. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేసరికి, వెనక దండేల మీద ఆరేసిన తెల్ల దుప్పట్లకు చిమ్మెటలు అతుక్కుని ఉంటాయి. ట్యూబులైటు వెలుగుకి వచ్చే రెక్కల పురుగులవి, సీతాకోకచిలుకలకు పేద చుట్టాలు అనుకోండి. మిగతావాళ్లు వాటిని దులిపేస్తారు. అక్క ఫోన్లో ఫోటో తీసుకుని అప్పుడు దులుపుతుంది. ఆ ఫోటోలు పెట్టుకోవడానికి ఆన్‌లైన్లో ఒక గ్రూపు దొరికింది. దాన్ని నడిపేది రిటైరైన ఒక సైన్సు మాస్టారు. ఈ చుట్టుపక్కల తిరిగే చిమ్మెటలన్నిటితో వాళ్లు ఒక బొమ్మల పుస్తకం వేస్తున్నారు. ఒక్కో రకం కింద, దాన్ని ఇక్కడ మొదట చూసినవారి పేరు ఉంటుంది.

అక్కకు ఆ పుస్తకంలో తన పేరు కావాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు. కరెంటు బిల్లు మీద కూడా బావ పేరే ఉన్న మనిషికి అది చిన్న కోరికేం కాదు. కానీ ఏ ఫోటో పెట్టినా మాస్టారిది ఒకటే జవాబు, "దీన్ని ముందే ఒకరు చూశారమ్మా" అని. అది చాలదన్నట్టు గ్రూపులో ఇంకొకాయన, "ఫోటో నిండా నూలుపోగులే, పురుగును వెతుక్కోవాల్సి వస్తోంది" అన్నాడు. అనక అనక లాండ్రీ మనిషిని ఆ మాట అన్నాడు.

అక్కడ మొదలైంది ఫోటోలు దిద్దే యజ్ఞం. బావ వాడకుండా పడేసిన లాప్‌టాప్‌లో, డబ్బుల్లేకుండా దొరికే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకుంది. ఉచితమైతే ఉచితమే గాని, ఊరికే వచ్చే విద్య కాదది. వీడియోలో నేర్పే ఆయన "ఇక్కడ నొక్కండి, అంతే" అంటాడు. అక్క తెర మీద ఆ 'ఇక్కడ' ఉండి చావదు. ఆయనది పాత వెర్షన్, ఈవిడది కొత్తది. ఇంకోసారి బ్రష్ పెట్టి ఎంత రుద్దినా రంగు పడదు. ఎందుకయ్యా అంటే, పొరపాటున ఏ మూలనో గోరంత ముక్క సెలెక్ట్ అయి ఉందట, దాన్ని వదిలిస్తే గాని మిగతా బొమ్మకు రంగు అంటదట. ఈ ముక్క తెలియడానికి ఒక ఆదివారం మొత్తం బుగ్గయింది. లేయర్లని ఇంకో గోల. బొమ్మ మీద బొమ్మగా పరిచిన పొరలవి. చూస్తున్నది ఒక పొర, దిద్దుతున్నది మరో పొర. పోనీ ఎవరినైనా అడుగుదామంటే, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల గ్రూపులో పెద్దమనుషులు "ముందు మాన్యువల్ చదవండి" అంటారు. ఆ మాన్యువలేమో, ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తుంది.

"దీనికంటే నెత్తుటి మరకలు నయమే," అనేది అక్క.

"మానెయ్యక్కా. ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"మానేస్తే ఆ నూలుపోగులాయన అన్న మాట నిజమైపోదూ?"

తిట్టుకుంటూనే నేర్చుకుంది. మచ్చలు మాయం చేసే టూల్ ఒకటుంది. పక్కనున్న శుభ్రమైన చోటు నుంచి కాస్త రంగు తెచ్చి మచ్చ మీద కప్పేస్తుంది. అది చేతికి చిక్కాక అక్కకు పట్టపగ్గాల్లేవు. నూలుపోగులు, దుమ్ము, దుప్పటి మీది ఆసుపత్రి ముద్ర, అన్నీ మాయం.

వానలు మొదలవుతుండగా ఒక బూడిదరంగు చిమ్మెట వచ్చింది. పక్కకు తిరిగి, రెక్కలు ముడుచుకుని కూర్చుంది. ఒక్క ఫోటో తీసేసరికి ఎగిరిపోయింది. ఫోన్ నిండిపోయిందని అక్క ఆ ఫోటోను లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్లోది తీసేసింది. ఎప్పటిలాగే శుభ్రం చేసి, పాత ఫైల్ మీదే సేవ్ చేసి గ్రూపులో పెట్టింది.

సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, వీటిలో రెండు రకాలున్నాయి. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. రెక్క అంచున ఆవగింజంత నల్లచుక్క ఉంటే మాత్రం, మన దగ్గర ఇంతవరకూ ఎవరికీ కనబడనిది. మీ ఫోటోలో చుక్క లేదు గాని, ఒంటి రంగు చూస్తే నాకెందుకో అనుమానంగా ఉంది. దిద్దకముందు ఫోటో ఉంటే పంపుతారా?"

అక్క మొహంలో నెత్తురుచుక్క లేదు. రెక్క అంచున నల్లగా ఏదో ఉన్నమాట నిజం. దాన్ని ఒక్క నొక్కుతో తీసేసింది.

లాప్‌టాప్ తెరిచి కంట్రోల్ జెడ్ నొక్కింది, మళ్లీ మళ్లీ నొక్కింది. ఫైల్ ఒకసారి మూసేస్తే వెనక్కి వెళ్లే దారి కూడా మూసుకుపోతుందని ఆ వీడియో ఆయన చెప్పి ఏడవలేదు. ఫోన్లో చెత్తబుట్ట చూస్తే అదీ ఖాళీ. ఖాళీ చేసింది తనే. నాకు ఒళ్లు మండిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అలా అయింది. ఈ విద్య ఏదీ రాని రోజుల్లో అయితే ఆ చుక్క నిక్షేపంగా ఉండేది.

"చుక్కే కదా, మళ్లీ పెట్టెయ్యి," అన్నాను. "ఉన్నదాన్నే కదా పెడుతున్నావు. అందులో అబద్ధమేముంది?"

అక్క కొత్త లేయర్ తెరిచి చుక్క పెట్టింది. అంచులు కాస్త మెత్తబరిచింది. అది పురుగుతోపాటే పుట్టిన చుక్కలా ఉంది. కోపంలో కూడా నాకు గర్వంగా అనిపించింది. తర్వాత దాన్ని కొంచెం కిందికి జరిపింది. అక్కడా అంతే నిజంగా ఉంది. ఇంకాస్త పైకి జరిపింది. అక్కడా అంతే.

"ఎక్కడుండేదే ఇది?" అంది.

"నన్నడిగితే ఎలా? తీసింది నువ్వు."

"తీసేటప్పుడు చూడలేదే. దుమ్మనుకున్నాను. దుమ్మును తుడిచేస్తాం గాని, చూస్తూ కూర్చుంటామా?" తెర మీదికి వంగి, "అసలది చుక్కేనంటావా? నూలుపోగేమో," అంది.

అక్క ఆ లేయర్ తీసేసి మాస్టారికి రాసింది: "అక్కడ నల్లగా ఏదో ఉండేది. నేనే చెరిపేశాను. చుక్కో దుమ్మో చెప్పలేను. అసలు ఫోటో లేదు."

వానలు వెళ్లేదాకా ప్రతి దుప్పటీ వెతికింది. ఆ చిమ్మెట మళ్లీ రాలేదు. పుస్తకం అచ్చుకు వెళ్లేముందు మాస్టారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "ఇంత శుభ్రమైన ఫోటో మన గ్రూపులో ఇంకెవరిదీ లేదమ్మా. చుక్క లేని మామూలు రకం పేజీలో దీన్నే వేసుకోమంటారా?"

ఆ పేజీలో, మొదట చూసినవారి చోట, ఇంకెవరిదో పేరు ఎప్పుడో పడిపోయింది.

"ఒప్పుకోకక్కా," అన్నాను.

"వేసుకోండి మాస్టారూ" అని పంపించి, లాప్‌టాప్ మూసి, దాని మీద తల పెట్టుకుని ఏడ్చింది.