పసరులో బెల్లం

మా ముత్తాత నర్సింగరావు పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత లక్ష్మణరావు ఎదురొస్తే కొల్లాపూర్ బజారులో మనుషులు చెప్పులు విడిచి నిలబడేవారు. ఆ ఇంటి వారసుడిగా నేను ఎవరి దగ్గరా తల వంచలేదు, మా గుట్ట మీద గొర్రెలు మేపిన ఎల్లవ్వ దగ్గర తప్ప. నిన్న మా మనవరాలు తన ప్రయోగశాల నుంచి ఒక ఎండుటాకు తెచ్చి నమలమంది. ఊబకాయంతో దెబ్బతినే కణాలను దీని పసరు కాపాడగలదేమో పరీక్షిస్తున్నారట. ఇంకా ఏదీ తేలలేదట. నమిలి టీ తాగితే చక్కెర రుచే తెలియలేదు. పొడపత్రి! నాలుక వెంటనే గుర్తుపట్టింది.

1950ల చివరికి మా ఊళ్లు పోయాయి గానీ మా నాన్న, బాపు, భోజనం తగ్గలేదు. ఒళ్లు భారమై గడప దాటలేకపోయేవారు. కాళ్లు మొద్దుబారాయి, చూపు మసకబారింది. మహబూబ్‌నగర్ దవాఖానలో చక్కెర రోగమన్నారు, ఇట్లాగే సాగితే కళ్లు పోతాయన్నారు. సూదికి బాపు ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఎల్లవ్వ రోజూ పొద్దున్నే పొడపత్రి పసరు తెచ్చి ఇచ్చేది. నెల దాటినా గుణం కనిపించకపోతే, పెళ్లయి ఇంటి పెత్తనం చూస్తున్న నేను, బాపు సగం తాగి వదిలిన గిలాసతో వచ్చి, ఆమెను దర్వాజా దగ్గరే నిలదీశాను.

"గడ్డి పసరు తెస్తున్నవా? దొరనే మోసం జేస్తవా?"

"జర గా గిలాస ఇటియ్యి, చిన్నదొరా." గిలాస అడుగున వేలు తిప్పి, అంటిన జిగట చూసింది. "దీంట్ల బెల్లం కలిపిందెవరు?"

"నేనే," అంది అమ్మ తలుపు వెనక నుంచి. "దొరకు ఉత్త చేదు ఎట్ల ఇస్తమే? మా ఇంట్ల గసొంటి మర్యాద లేదు."

"మీ మర్యాదనే దొర కండ్లు తింటాంది, దొరసానీ! రేపటి సంది నేను తేను. ఆయననే నడిచొచ్చి గుట్ట మీద నమలాలె."

"గొర్రెల ఎనక దొర నడుస్తడా? ఊరంత నవ్వుతది," అన్నాను.

"నవ్వనీయి. నవ్వేటోళ్లు కండ్లకు కనవడితె సాలదా?"

మర్నాడు బాపు నా భుజం పట్టుకుని గడప దాటారు. బజారంతా చూస్తుండగా గొర్రెల దుమ్ములో నడిచాం. నా మెడ వంగలేదు గానీ చెవులు కాలిపోయాయి. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది. "అడుగెయ్యి దొరా, కుంటిమేక నిన్ను దాటిపోతాంది," అంది ఎల్లవ్వ వెనక్కి తిరగకుండానే. బాపు పెద్దగా నవ్వారు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఏడాదికి ఒళ్లు తగ్గింది. పోయిన చూపు రాలేదు, మిగిలింది నిలిచింది. అది ఆకు వల్లనో, నడక వల్లనో, బెల్లం మానినందుకో నాకు తెలియదు. ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా చెప్పవలసింది చెప్పడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కనుక నా సంగతీ చెబుతున్నాను. ఎల్లవ్వ పోయిన మరుసటి ఏడాది, పొడపత్రి పెరిగే ఆ గుట్టను రాళ్లు కొట్టే కంట్రాక్టరుకు అమ్మేశాం. సంతకం నాది.