కోడిపిల్లకి తొలి మేత

మొన్న గురువారం పొద్దున్నే గుడివాడ నుంచి కాంపౌండరు ఫోను చేసి, మా కోళ్ళ డాక్టరు గారు నిద్రలోనే వెళ్ళిపోయారని చెప్పాడు. మూడింటికి సమాధి చేస్తారట. సరిగ్గా మూడింటికే పామర్రు దగ్గర మా షెడ్డుకి కొత్త కోడిపిల్లల బండి రావాలి. ఆయన్ని కడసారి చూడాలా, పిల్లలకి తొలి మేత పెట్టాలా? పోతూ పోతూ కూడా నాకు పరీక్ష పెట్టారు మహానుభావుడు. ఏడుస్తూనే నవ్వాను.

పదేళ్ళ కిందట నా మొదటి బ్యాచ్ దిగినప్పుడు, బలానికని గిలకలదిండి నుంచి ఎండుచేపలు తెప్పించి, దంచి, చేపనూనె కలిపి ఒక్కరోజు వయసు పిల్లలకి పెట్టాను. మా ఇళ్ళల్లో బాలింతకి బలమంటే చేపే మరి. మూడో రోజుకి పిల్లల వెనకంతా జిగురు కట్టింది. కొన్ని చచ్చిపోయాయి. ఇక షెడ్డు మూసేసి మిషను కుట్టుకుందామనుకున్నాను.

డాక్టరు గారు స్కూటరు దిగి, మేత వాసన చూశారు.

"ఏమ్మా, పురిట్లో బిడ్డకి చేపల పులుసు పోశావా?"

"బలమని పెట్టానండీ."

"బలం సరే. అరిగించుకోవాల్సింది దాని పేగు కదా."

చచ్చిన పిల్లని కోసి, దారంలాంటి పేగు నా అరచేతిలో పెట్టారు. "పుట్టిన నాటికి దీనికి అన్నీ సమకూరవమ్మా. పిండినీ మాంసకృత్తుల్నీ అరిగించే ఎంజైములు రోజురోజుకీ పెరుగుతాయి. కొవ్వుని అరిగించేది మాత్రం బద్ధకపుది, నిదానంగా వస్తుంది. వీటన్నిటినీ పెంచేది మేతే. కడుపులో పడితేనే పేగు ఎదుగుతుంది. పొట్టలో పచ్చసొన మిగిలుంది కదాని తొలి మేత ఆలస్యం చేశావో, పిల్ల వెనకబడిపోతుంది" అన్నారు. చేపనూనె ఆపేశాను. మిగతా పిల్లలు తేరుకున్నాయి. నేనూ తేరుకున్నాను.

ఇంకొకటి చెప్పకపోతే ఆయన సంగతి మీకు తెలియదు. ఒకసారి నలతగా ఉన్న పిల్లని వెచ్చగా ఉంటుందని చొక్కా జేబులో వేసుకుని, కబుర్లలో పడి అలాగే బస్సెక్కేశారు. జేబు కిచకిచమంటుంటే కండక్టరు వచ్చి, "టికెట్టు ఒకటా, రెండా అండీ?" అన్నాడట. "చంటిపిల్లండీ, అర టికెట్టు కూడా ఉండదు" అన్నారట ఈయన.

గురువారం బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. నేను కదల్లేదు. కాగితాలు పరిచి మేత చల్లి, నీళ్ళు పెట్టి, అవి తిన్నాక ఆయన నేర్పినట్టే, మేత తిత్తి నిండిందో లేదోనని ఒక్కో పిల్ల మెడ కింద బొటనవేలితో తడిమి చూశాను. గుడివాడ చేరేసరికి సమాధి అయిపోయింది.

వరండాలో ఆయన చెల్లెలు, "ఊరంతా వచ్చింది. నువ్విప్పుడా రావడం?" అంది.

డాక్టరు గారి భార్య ఆవిణ్ణి చేత్తో వారించి, "ఇవాళ పిల్లలు దిగాయా అమ్మా?" అని అడిగారు.

"దిగాయండీ."

"మేత తిన్నాయా?"

"తిన్నాయండీ. అన్నిటికీ మెడ కింద నిండుగా ఉంది."

"ఈ మాట ఆయనకి రేపు సమాధి దగ్గరికి నువ్వే వెళ్ళి చెబుదువుగాని" అంటూ నవ్వారు. పొద్దుటి నుంచీ అదే మొదటిసారట. తర్వాత లోపలికి వెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చి, నేను మొదటి ముద్ద మింగేదాకా నా ఎదురుగానే కూర్చున్నారు.