తట్ట కింద మూసిన కన్ను

పక్కింటి బాబాయిగారు ఇక లేరు. కబురు అందేసరికి నేను డీటీపీ షాపులో ఆయన చెక్కిన బొమ్మ కోసమే కరపత్రం కంపోజ్ చేయిస్తున్నాను. పిన్నిగారు ఫోన్‌లో ఏడవలేదు. "మీ బాబాయిగారు వెళ్ళిపోయారురా, ఇంటికి రా" అన్నారంతే.

రాజమండ్రి గోదావరి గట్టు మీది ఫౌంటెన్ చూసినవాళ్ళకి ఆయన తెలిసినట్టే. ఇసుక తట్ట ఎత్తుకున్న కూలీ మనిషి బొమ్మ అది. అందులో నీళ్ళు పైకి చిమ్మవు. తడి ఇసుక ఓడినట్టు తట్ట అడుగు నుంచి చుక్కచుక్కగా కారి, నుదుటి మీదుగా దిగుతాయి. చుక్క ఒక కంట్లో పడుతుంది కాబట్టి ఆ కన్ను మూసుకుని ఉంటుంది. పడవల నుంచి ఒడ్డుకి ఇసుక మోసే ఆడవాళ్ళని మీరూ చూసే ఉంటారు. చేతులు రెండూ తట్టకే సరిపోతే కన్ను తుడుచుకునేదెలా?

నీళ్ళు ఎటు జారతాయో తెలుసుకోవడానికి ఆయన పెరట్లో పిన్నిగారి నెత్తిన తడి ఇసుక తట్ట పెట్టి, ఎదురుగా స్టూలేసుకుని గంటలకొద్దీ కూర్చునేవారు. "పేరు మీకండీ, జలుబు నాకు" అని ఆవిడ విసుక్కోవడం గోడ ఇవతలికి వినిపించేది.

నాకు ఆయన పెట్టిన పేరు కరపత్రం. దొరికిన ప్రతి కరపత్రమూ చదివేసి, లోకం మీద కోపంతో ఆయన దగ్గరికే పరిగెత్తేవాణ్ణి. "ఏరా కరపత్రం, ఇవాళ ఎవరి మీద?" అని ఉలి పక్కన పెట్టేవారు. చివరిదాకా వినేవారు. మా ఇంట్లో నా మాట అలా విన్నవాళ్ళు ఎవరూ లేరు.

స్నానాలకొచ్చేవాళ్ళు ఆ బొమ్మని గోదావరి తల్లి అనుకుని పసుపూ కుంకుమా పూయడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. కూలీని కూలీగా చూడలేమా అని గట్టు మీదే అరిచాను. ఆయన చీపురుపుల్లతో తట్ట కన్నాల్లో కూరుకుపోయిన కుంకుమ తీస్తూ, "బొట్టు పెడితే పెట్టనీరా. ఆవిడ చేత పని మాన్పించకపోతే చాలు" అన్నారు.

వేసవిలో, పుష్కరాల పనులంటూ కమిటీవారు ఇంటికొచ్చారు. అమ్మవారికి ఒంటికన్ను అరిష్టమట. తెరిపించాలట. ఆయన వాళ్ళకి కాఫీ ఇప్పించి, నెమ్మదిగా చెప్పారు.

"అమ్మవారైతే తెరిచేద్దునండి. ఈవిడ ఇసుక మోసే మనిషండి."

మీరు కాకపోతే ఇంకొకరు అని వాళ్ళు లేచారు. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం సయించలేదని పిన్నిగారు అంటారు. కన్ను తెరవొద్దంటూ నేను రాసిన కరపత్రం చదివి వినిపిస్తే "మహాశిల్పి" అన్న మాట కొట్టేయించారు. "నా సంగతెందుకురా? ఆవిడ కన్నెందుకు మూసుకుందో రాయి. అర్థమైతే వాళ్ళే ఆగుతారు." నాకు ఆ నమ్మకం లేదు, చచ్చినా ఎవరికీ అర్థం కాదన్నాను. ఆయన నవ్వారు.

కరపత్రం అచ్చయింది. పెద్దకర్మకి వచ్చినవాళ్ళకల్లా పంచాను. చదివి జేబుల్లో పెట్టుకున్నారు. ఎవరూ ఆగలేదు.

నిన్న పొద్దున్న పిన్నిగారు అడిగితే బండి మీద గట్టుకి తీసుకెళ్ళాను. తట్టకి బంగారు రంగు పూశారు. కన్ను తెరిచేశారు, పెద్దగా, నల్లగా. నీళ్ళు మాత్రం ఆయన పెట్టిన దారినే వస్తున్నాయి. నేను నోరు తెరవబోతే పిన్నిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుంది, తడి చీరతో ఒకామె కుంకుమ పొట్లం పట్టుకుని దిమ్మె ఎక్కింది. బొట్టు పెట్టబోయి ఆగింది. "అయ్యో, కంట్లో పడిపోతున్నాయే" అని తనలో తను అనుకుని, బొమ్మ కంటి మీదుగా అరచెయ్యి అడ్డం పెట్టింది. వెనక నుంచి ఆమె తాలూకు వాళ్ళు బస్సుకి టైమైపోయిందని పిలుస్తున్నారు. ఆమె చెయ్యి తియ్యలేదు. నీళ్ళు మణికట్టు మీద నుంచి గాజుల్లోకి, గాజుల్లోంచి మోచేతి దాకా జారుతున్నాయి.