అనాసపండు వేసిన జెల్లీ

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. చెబితే నవ్వుతారేమో. ఒక జెల్లీ గురించి. కానీ వేసవిలో ఆవకాయ కాయలు కనబడితే చాలు, నాకు అన్నం సహించదు. ఎందుకో చెప్తాను, వినండి.

మా అత్తవారిది రాజమండ్రి. అత్తయ్యగారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేవారు. అక్కడి దొరసానిగారు వెళ్లిపోతూ ఆవిడకి ఒక జెల్లీ అచ్చు ఇచ్చారట. అంచులు పూరేకుల్లా ఉండే అల్యూమినియం అచ్చు. ఇంట్లో ఏ ప్రార్థన కూటం జరిగినా, భోజనాల చివర అందులో పోసిన ఎర్ర జెల్లీ రావాల్సిందే. పళ్లెంలో బోర్లించి అచ్చు పైకెత్తితే వణుకుతూ నిలబడేది. పెద్దకోడలిగా ఆ అచ్చు తోమాను, తుడిచాను, అలమారలో పెట్టాను. ఒక్కసారి కూడా ఆవిడ నన్ను చెయ్యమనలేదు.

తర్వాత మా మరిది సుజాతని ప్రేమించి చేసుకున్నాడు. కోనసీమ రైతుల పిల్ల. బాప్తిస్మం తీసుకుందని పుట్టింటివాళ్లు వదిలేశారు. ఇక్కడ అత్తయ్యగారూ ముభావమే. అలాంటిది, మామగారి రిటైర్మెంటుకి కృతజ్ఞత కూటం పెట్టినప్పుడు, ఆ అచ్చు తీసి సుజాత చేతిలో పెట్టారు. ఇంటి మనిషిగా ఒప్పుకున్నట్టే. నాకు అర్థమైంది. సుజాతకీ అర్థమైంది, కళ్లనీళ్లు పెట్టుకుంది.

ముందురోజు సాయంత్రం వంటింట్లో ఇద్దరమే ఉన్నాం.

"అక్కా, అనాసపండు తెప్పించానండి. పచ్చి ముక్కలు వేసెయ్యనా? బావుంటుందా?"

పచ్చి అనాసపండు వేస్తే జెల్లీ గట్టిపడదు. పాకంలో ఉడికించి వెయ్యాలి. పెళ్లికి ముందు మా ఇంట్లో ఓసారి గిన్నెడు పారబోసి మరీ నేర్చుకున్నాను. నోటిదాకా వచ్చింది.

"వెయ్యి, బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాను.

"మీరుండబట్టి సరిపోయింది" అంది.

పొద్దున్నకి అది నీళ్లలాగే ఉంది. సుజాత కంగారుపడింది. ఫ్రీజర్లో పెట్టు, అదే గడ్డకడుతుందిలే అని అదీ నేనే చెప్పాను. పైన మంచు పెచ్చు కట్టింది. పాస్టరుగారి ముందు బోర్లించగానే పెచ్చు విరిగి, ఎర్రనీళ్లు బల్ల మీద పరిచిన తెల్ల దుప్పటి మీదుగా ఆయన ఒళ్లోకి కారాయి. ఎవరో కిసుక్కుమన్నారు. అత్తయ్యగారు ఏమీ తిట్టలేదు. "ఈ పిల్ల చెయ్యి మంచిది కాదు" అని మాత్రం అన్నారు.

ఆ మాట ఇంట్లో పాతుకుపోయింది. ఆవకాయ కలిపేటప్పుడు సుజాతని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఘోరం ఏంటంటే, సుజాత కూడా నమ్మేసింది. ధవళేశ్వరంలో వేరు కాపురం పెట్టాక కూడా ఏటా నాకే ఫోను. "అక్కా, మీ చెయ్యి మంచిదండి, వచ్చి కలిపి వెళ్లండి." వెళ్తాను. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నీ సిద్ధంగా పెట్టి, తను గుమ్మం దగ్గర నిలబడుతుంది. నేను కలుపుతాను. కలుపుతున్నంతసేపూ మనసుకి ఏమీ అనిపించదు. చెయ్యి మండుతుంది, అంతే. కన్న కూతురికి తొలి ముద్ద కూడా నన్నే పెట్టమంది. పెట్టాను.

ఎందుకు చేశాను? ఒక అచ్చు కోసమా? అత్తయ్యగారి మీద కోపం ఆ దిక్కులేని పిల్ల మీద ఎందుకు తీర్చుకున్నాను? ఎన్నిసార్లు అడుక్కున్నా, అసూయ అన్న ఒక్క మాట తప్ప ఏమీ దొరకదు. అత్తయ్యగారు పోయాక అచ్చు నాకే వచ్చింది. దాంట్లో ఇంతవరకూ ఏమీ చెయ్యలేదు.

ఈ వేసవిలో సుజాత కూతురు, కాలేజీ పిల్ల, "పెద్దమ్మా, ఈసారి నేను కలుపుతా" అంటూ చేతులు కడుక్కుని వచ్చింది.

సుజాత ఆ పిల్ల మణికట్టు పట్టుకుని ఆపింది. "వద్దమ్మా. నా చెయ్యే నీకొచ్చి ఉంటుంది."

అప్పుడైనా చెప్పొచ్చు. ముగ్గురమే ఉన్నాం. నేను తల వంచుకుని, బేసిను దగ్గరికి లాక్కుని, కలిపాను.

సుజాత చెయ్యి మంచిదే. పచ్చి అనాసపండు ఎవరు వేసినా జెల్లీ గట్టిపడదు. ఇంతే మాట. తనకి చెప్పాల్సింది మీకు చెప్పాను. క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. కాస్త ఊపిరాడుతోంది. వచ్చే వేసవికి మళ్లీ ఫోను వస్తుంది.