మేనబావ రక్తపరీక్ష

పద్మారావు నగర్‌లోని ఒక బడిలో కల్పలత ఆటల టీచరు. ఆమె తమ్ముడు ఆశీష్‌కు తలసీమియా ఉండేది. ఒంట్లో రక్తం నిలవని జబ్బు, తరచూ ఎక్కించాల్సిందే. పదకొండో ఏట పోయాడు. తల్లీ తండ్రీ ఇద్దరిలో ఆ లోపం దాగి ఉంటేనే బిడ్డకు జబ్బు దిగుతుందని, మేనరికాల్లో ఆ ప్రమాదం ఎక్కువని కల్పలతకు బాగా తెలుసు. అయినా మేనమామ కొడుకు విజయేందర్‌నే ఇష్టపడి చేసుకుంది. అతనికి బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల దుకాణం. పెళ్లయ్యాక పిల్లల మాట ఎవరెత్తినా ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

చివరికి ధైర్యం చేసి, ఇంట్లోనే చేసుకునే జన్యుపరీక్ష కిట్లు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించింది. ముందు తన ఉమ్మి పంపింది. రిపోర్టు వచ్చేలోపే నెల తప్పింది. ఆ వెనకే ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. ఆమెలో లోపం ఉంది.

ఆ సాయంత్రం రెండో కిట్ భర్త ముందు పెట్టింది.

"నాకేమైంది? మంచిగనే ఉన్న గదా" అన్నాడు విజయేందర్.

"నేను సుత మంచిగనే ఉన్న బావా. ఇద్దరికీ ఉంటేనే బిడ్డకు కష్టం."

"ఉందని వస్తే ఏం చేస్తవ్?"

"తెల్వది. ముందైతే తెలవాలె."

అతను ఉమ్మి పట్టే గొట్టాన్ని పక్కకు నెట్టి బయటికి వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే. ఆమె అన్నం పెట్టి పక్క గదిలో కూర్చునేది. ఒకరోజు అతనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉందని వస్తే, నన్ను చేసుకునుడే తప్పయిందని అనిపిస్తది నీకు. నాకు గదే భయం."

"అనిపిస్తదేమో. అయినా ఉమ్ము."

అతని రిపోర్టులో లోపం కనబడలేదని వచ్చింది. విజయేందర్ ఇంటిల్లిపాదికీ మిఠాయి తెచ్చాడు. కల్పలత ముక్క తుంచింది గాని నోట్లో పెట్టుకోలేదు. రిపోర్టులు తీసుకుని బేగంపేటలో డాక్టర్ క్యారల్ దగ్గరికి వెళ్లింది.

"ఈ కిట్ కొన్ని రకాల లోపాలనే వెతుకుతుందమ్మా. కనబడలేదంటే లేదని కాదు. ఆయనకు రక్తపరీక్ష చేయించండి, ఆలస్యం వద్దు" అంది డాక్టర్.

"మళ్లా ఏందీ పరేషాన్?" అని విజయేందర్ విసుక్కున్నాడు. కానీ ఆమె ముఖం చూసి చొక్కా తొడుక్కున్నాడు.

రక్తపరీక్షలో అతనికీ లోపం ఉందని తేలింది. కిట్ పట్టుకోలేని రకం. ఇక కడుపులో బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. గర్భంలోని మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం కోసం ఎదురుచూస్తూ కల్పలత పుట్టింటికి వెళ్లింది.

"అమ్మా, ముందే తెలిస్తే ఆశీష్‌ను కంటుంటివా?" అని అడిగేసింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న సుమిత్ర చేతులు ఆగిపోయాయి.

"వాడు ఉన్నన్ని దినాలు వాడు వద్దని ఒక్కసారి సుత అనుకోలే. కానీ సూది గుచ్చినప్పుడల్లా నా దిక్కు చూస్తుండె బిడ్డా, నువ్వైనా ఆపమని. నువ్వు ఏం చేసినా నేను నిన్ను తప్పుపట్ట."

ఫోన్ వచ్చేసరికి కల్పలత బడి మైదానంలో ఉంది. పిల్లలు ఖోఖో ఆడుతున్నారు.

"బిడ్డకు జబ్బు లేదమ్మా. మీ ఇద్దరిలాగే లోపం మోస్తోంది, అంతే" అంది డాక్టర్ క్యారల్.

ఆమె మట్టిలోనే కూలబడింది. విజయేందర్‌కు ఫోన్ చేస్తే వేలంపాట కేకల్లో అతనికి ఏమీ వినబడలేదు.

"మంచిగుంది బావా! మన బిడ్డ మంచిగుంది!" అని గట్టిగా అరిచింది. ఆట ఆగిపోయి పిల్లలంతా ఆమెవైపు తిరిగారు. అవతలినుంచి అతని ఏడుపు వినబడింది.

పాప పుట్టిన ఏడాదే విజయేందర్ చెల్లెలు సృజనకు సంబంధాలు చూడడం షురూ అయింది. ముందు రక్తపరీక్ష చేయిద్దామన్నాడతను.

"ఉందని తెలిస్తే ఎవ్వలొస్తర్రా పిల్లను అడగనీకి?" అని తల్లి మండిపడింది.

"పరీక్ష చేయించుకునేటోడు వస్తడు" అన్నాడు విజయేందర్. సృజనను బండెక్కించుకుని ల్యాబుకు తనే తీసుకెళ్లాడు.