గులాబీల నడికట్టు

మా పైవాటా ఆయన్ని వీధిలో అందరూ క్రేను అంటారు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం ఆయన పని. లిఫ్టు లేని మేడల్లో బీరువాని వీపున వేసుకుని మెట్లెక్కుతూ, ఎదురొచ్చినవాళ్ళని ఆగి "బాగున్నారా? పిల్లలు బాగున్నారా?" అని తీరిగ్గా పలకరించగల మనిషి. అలాంటి మనిషి ఒక మంగళవారం పొద్దున, కొడుకు మేజోడు సోఫా కింద పడితే తీద్దామని వంగి, మళ్ళీ లేవలేదు.

ఏనుగు వెళ్ళి తోక చిక్కడమంటే ఇదే.

నేను కింద వాటాలో గడియారాలు బాగుచేసుకుంటాను. ఆయన కూతురు, ఆరేళ్ళది, కొట్లోకి వచ్చి, "మావయ్యా, నాన్న వంగి అలాగే ఉన్నాడు. అమ్మ రమ్మంటోంది" అంది. ఏదో ఆట కాబోలనుకుని చేతిలో పని పూర్తిచేసుకునే వెళ్ళాను. చూద్దును కదా, ఆయన నేలమీద మోకాళ్ళు, సోఫాలో తల, గుప్పిట్లో మేజోడు. వీపు మీద రెండేళ్ళ కొడుకు ఎక్కి కూర్చుని "హెయ్, హెయ్" అని స్వారీ చేస్తున్నాడు.

"బావగారూ," అన్నాడు క్రేను దిండులోంచి, "ముందు వీణ్ణి దించండి."

వాళ్ళావిడ నన్ను అన్నయ్యా అంటుంది కాబట్టి ఆయనకి నేను బావగారిని. ఆ వరస కలుపుకున్న పాపానికి ఆయనకి ప్యాంటు తొడిగే ఉద్యోగం కూడా నాకే దక్కుతుందని అప్పుడు తెలీదు.

వెన్నుపూసల మధ్య డిస్కు పక్కకి జరిగిందన్నాడు డాక్టరు. నెలన్నర వంగకూడదు, బరువెత్తకూడదు, ఎత్తితే కాలు పట్టుతప్పి చచ్చుబడొచ్చు.

"బరువంటే ఎంతండీ?" అన్నాడు క్రేను. బీరువాలు మోసేవాడి అనుమానం మరి.

"నీళ్ళ సీసా. అంతకు మించి ఏదీ వద్దు."

"మా బుడ్డాణ్ణి?"

"ముఖ్యంగా మీ బుడ్డాణ్ణి."

మా చెల్లెమ్మ కర్టెన్లు కుడుతుంది. ముందుగదిలోనే మిషను, గోడవారగా కర్రలు, రింగులు, తాళ్ళు, దిండంత లావు గుడ్డల నమూనా పుస్తకాలు. మనిషి పిట్టంత. భర్తని పక్కకి తిప్పాలన్నా ఆవిడ వల్ల కాదు. ఈ సంగతి క్రేను అక్కకీ తెలుసు. ఆవిడ మాట ఉరుము, మనసు వెన్న. కబురు తెలిసిన సాయంత్రమే ఫోన్ చేసింది. నాకు గది అవతలికి కూడా వినిపించింది.

"అమ్మాయ్, ఆదివారం వస్తున్నా. పిల్లలిద్దర్నీ నాతో తీసుకెళ్తా. వాడు లేచి తిరిగేదాకా నా దగ్గరే ఉంటారు. నువ్వొక్కదానివి ఎంతమందిని మోస్తావే?"

ఆ మాటలో తప్పేముంది? నేనూ అదే అన్నాను. చెల్లెమ్మ దారం పంటితో కొరికి, సూది పక్కన గుచ్చింది.

"మా అమ్మ మంచాన పడ్డప్పుడు నన్నూ పది రోజులకే పిన్ని దగ్గరికి పంపారన్నయ్యా. అమ్మ లేవడానికి ఏడాది దాటింది. తిరిగొచ్చాక అమ్మ జడ వేస్తానంటే, నాకొచ్చులే అన్నాను. అమ్మ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వదిన మంచిదే. పిన్నీ మంచిదే." మళ్ళీ సూది అందుకుని, "ఆదివారానికి ఈ ఇల్లు నడిపి చూపిస్తా. చూశాక కూడా తీసుకెళ్తానంటే అప్పుడు ఆలోచిద్దాం" అంది.

కర్టెన్లు కుట్టేవాళ్ళ బుర్ర తాడు మీద నడుస్తుంది. మనమైతే తలుపు తియ్యడానికి లేచి వెళ్తాం. ఆవిడ తలుపు గడియకి తాడు కట్టింది. మంచాన్ని ముందుగదిలోకి లాగించి (లాగింది నేనే), చుట్టూ మందపాటి కర్టెను వేసి, మంచం తలాపున రంగు కుచ్చులు వేలాడదీసింది. ఎర్రకుచ్చు లాగితే గడియ ఊడుతుంది. పచ్చది లాగితే కర్టెను తెరుచుకుంటుంది. నీలం లాగితే వంటింట్లో గంట మోగుతుంది. మొదటిరోజు క్రేను ఆ గంట మోగిస్తూనే ఉన్నాడు.

"ఏం కావాలండీ?"

"ఏం లేదు. మోగుతోందో లేదో చూశా."

"ఇంకోసారి చూశారంటే తాడు మీ మెడకి కడతా."

మందులషాపులో కొన్న నడికట్టు పొట్ట ఒరుసుకుపోతోందని ఆయన గోల. దాంట్లో పట్టీలు ఊడదీసి, మిగిలిన కర్టెను గుడ్డలో పెట్టి కొత్తది కుట్టింది. గుడ్డ నిండా అరచేయంత ఎర్ర గులాబీలు. గులాబీలైతే సర్దుకోవచ్చు. చేతి అలవాటు అని ఒకటుంటుంది కదా, కర్టెనుకి వదిలినట్టే దీనికీ అడుగున మడతకని జానెడు గుడ్డ ఎక్కువ వదిలేసింది. కట్టుకుని నిలబడితే అచ్చం పొట్టి లంగా. "రేపు కత్తిరిస్తా" అంది. ఆ రేపు రాలేదు.

అసలు కష్టం బుడ్డాడిది. మంచం దగ్గరికొచ్చి రెండు చేతులూ పైకి చాపి "ఎత్తుకో" అంటాడు. క్రేను చేతులు వాటంతటవే లేస్తాయి. మొదటి రెండు రోజులూ వాడు ఏడవడం, ఆయన దిండులో మొహం దాచుకోవడం. మూడోరోజు చెల్లెమ్మ నమూనా పుస్తకాలు తెచ్చి, మంచం పక్కన మెట్లుగా పేర్చి, కదలకుండా గట్టిగుడ్డతో కలిపి కుట్టేసింది.

"ఇంక ఎత్తుకో లేదు. ఎక్కు, అంతే!"

కూతురు మేష్టారు. వాడు జారితే కింద దిండ్లు. ఎక్కడం కన్నా పడటమే బాగుందని వాడికి తోచింది. శనివారం సాయంత్రం దాకా పడుతూనే ఉన్నాడు. పైగా అదేరోజు పచ్చకుచ్చు నమిలి పీచు పీచు చేశాడు. చెల్లెమ్మ దాన్ని కోసేసి, ఎర్రకుచ్చుని కర్టెను తాడుకి మార్చి, గడియకి వేరే రంగు కట్టింది. ఆ హడావుడిలో భర్తకి చెప్పడం మరిచిపోయింది.

ఆదివారం అక్కగారు అనుకున్న బస్సుకన్నా ముందు బస్సులో దిగింది. ఆ సమయానికి క్రేను మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను కింద గొంతుక్కూర్చుని ప్యాంటులోకి ఆయన కాలు ఎక్కిస్తున్నాను. బెల్లు మోగింది.

"అక్క! బయట నిలబెడితే ఊరుకోదు," అంటూ ఎర్రకుచ్చు లాగేశాడు.

తలుపు అప్పటికే కూతురు తీసింది. కర్టెను మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరికి, నాటకంలో తెర లేచినట్టు సర్రున తెరుచుకుంది. అక్కగారు ఖాళీ బ్యాగుతో గుమ్మంలో. గులాబీల లంగాలో తమ్ముడు. ఆయన కాళ్ళ దగ్గర ప్యాంటు పట్టుకుని నేను.

"ఒరేయ్," అంది ఆవిడ, "నడుం పట్టిందన్నారు గానీ మతి పోయిందని ఎవరూ చెప్పలేదే!"

"కూర్చో అక్కా," అన్నాడు క్రేను, ఆ వేషంలో మిగిలిన మర్యాదంతా కూడగట్టుకుని.

ఆవిడ కూర్చోలేదు. "పిల్లల బట్టలు సర్దు అమ్మాయ్."

"సాయంత్రం బస్సుదాకా చూడండి వదినా," అంది చెల్లెమ్మ. గొంతు మెత్తగానే ఉంది, చేతిలో గరిటె మాత్రం బిగిసి ఉంది.

సరేనని అక్కగారు కుర్చీ లాక్కుని, పరీక్షహాల్లో పర్యవేక్షకురాలిలా కూర్చుంది. ఆవిడ చూస్తుండగానే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నీలంకుచ్చు లాగితే గంట ఊడి గిన్నెలో పడింది. కూతురు రెండు జడలతో వచ్చి నిలబడింది.

"ఇదేం జడే? ఒకటి తూర్పు, ఒకటి పడమర!"

"నాన్న పడుకుని వేశాడు కదత్తా. నువ్వు కూడా పడుకుని చూడు, సరిగ్గానే ఉంటాయి."

అక్కగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. అయినా బ్యాగు మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

మధ్యాహ్నం చెల్లెమ్మ వంటింట్లో ఉండగా బుడ్డాడి నుదురు మిషను అంచుకి తగిలింది. ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా కెవ్వుమన్నాడు. అక్కగారు ఎత్తుకోబోతే తోసేసి, నాన్న మంచం దగ్గరికి పరిగెత్తి చేతులు రెండూ చాపాడు.

"ఎత్తుకో!"

క్రేను చేతులు లేచాయి. వాడి చంకల కిందికి వెళ్ళాయి కూడా.

"నాన్నా, నీళ్ళ సీసా!" అని అరిచింది కూతురు.

ఆయన చేతులు వెనక్కి లాక్కుని గుండెకి అదిమి పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పోసింది. "ఎక్కు నాన్నా," అన్నాడు. "ఎక్కు. నేనిక్కడే ఉన్నా."

వాడు ఏడుస్తూనే ఒక కాలు వేశాడు. రెండో మెట్టు మీద జారాడు. అక్కగారు ముందుకి ఉరికింది.

"పట్టుకోకండి వదినా!"

చెల్లెమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. పెళ్ళయి వచ్చాక వదినగారి మీద ఆవిడ గొంతెత్తడం అదే మొదలట. అక్కగారు చాచిన చెయ్యి చాచినట్టే ఆగిపోయింది.

బుడ్డాడు దుప్పటి గుప్పిట పట్టి, మోకాలు ఆనించి, పాకి, దొర్లి, తండ్రి చంకలో పడ్డాడు. మిగతా ఏడుపంతా అక్కడ ఏడ్చాడు. ముక్కు ఆ గులాబీలకే తుడుచుకున్నాడు.

అక్కగారు బస్సు వేళకి లేచి బ్యాగు జిప్పు తీసింది. చెల్లెమ్మ మొహం పాలిపోయింది. కూతురు తల్లి కొంగు పట్టుకుంది. ఆవిడ వాళ్ళని దాటుకుని స్నానాలగది వెనక్కి వెళ్ళి, వారం నుంచి పేరుకున్న మాసినబట్టల గుట్ట తెచ్చి బ్యాగులో కుక్కడం మొదలుపెట్టింది.

"ఇవేనా, ఇంకా ఉన్నాయా?"

"వదినా, మీరు..."

"నోర్మూసుకుని దుప్పటి కూడా మార్చియ్యి. బుధవారం ఉతికి తెస్తా, మళ్ళీ పట్టుకెళ్తా. వాడు లేచేదాకా ఇంతే. ఈలోగా వాడి లంగా అంచు కత్తిరించు. ఎవరైనా చూస్తే నా పరువు పోతుంది."

చెల్లెమ్మ దుప్పటి తీసుకొచ్చే మిషతో లోపలికెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు.

బ్యాగు నేను కిందికి దించాను. మెట్ల మీద దాంట్లోంచి బుడ్డాడి మేజోడు జారి పడింది. నేను దానికేసి చూశాను. అక్కగారూ చూసింది. ఇద్దరికీ వయసు మీదపడుతున్నదే.

"మీరు తీస్తారా?" అంది.

"మీరే తీద్దురూ," అన్నాను.

పైనుంచి కూతురు దడదడా దిగివచ్చి, మా ఇద్దరి మధ్యలోంచి దూరి, మేజోడు తీసి బ్యాగులో పడేసి, తూర్పు పడమర జడలు ఊపుకుంటూ పైకి వెళ్ళిపోయింది.