తోటకూర మళ్ల నడుమ దారి

మా కొత్తవాడ వెనక వాగు గట్టు వెంబడి నడిస్తే అర్ధగంటలో ఒక ఊరు వస్తుందని అందరూ చెప్పేవాళ్లే గాని, నడిచిన వాళ్లను నేను చూడలేదు. గట్టంతా సర్కారు తుమ్మ. ఆ ఊరి వాళ్లు దవాఖానకు రావాలన్నా, బడికి రావాలన్నా పెద్ద రోడ్డు పట్టుకుని చుట్టూ తిరగాల్సిందే. నాకప్పుడు ఇరవై ఏళ్లు. ఇంట్లో నాయిన మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. చేతులు పనిలో ఉన్నా నోరు ఊరుకునేది కాదు. ఆ ఊరి నుంచి ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని రోజూ మా వాడకు ఒక అవ్వ వచ్చేది. తుమ్మల వెనక ఏముంది, మీ ఇళ్లు ఎటు చూస్తాయి అని ఆమెను సతాయించేదాన్ని. వచ్చి చూస్తే అయిపోయె గదా అని నవ్వేది.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, రెండు వైపుల పెద్దలు కూర్చుని గట్టు మీద దారి వేసుకుందామనుకున్నారు. మేం ఇటునుంచి, వాళ్లు అటునుంచి తుమ్మలు కొట్టి, మట్టి పోసుకుంటూ వచ్చి నడుమ కలవాలి. దారి పక్కన కానుగ, వేప మొక్కలు నాటాలి.

మా వైపు పని మా నాయిన చేతిలో పడింది. ఆయన జంపఖానాలు నేసేవాడు. వీధి పొడవునా గుంజలు పాతి పడుగు నూలు సాచడంలో ఆయనంతటి వాడు లేడని పేరు. దారికీ అదే పద్ధతి పట్టుకున్నాడు. గుంజ పాతడం, నూలు లాగడం, ఒక కన్ను మూసి చూడటం. వాగు వంపు తిరిగినా ఆయన తిరగలేదు. అటు రైతులేమో పొలం గట్టు వేసినట్టు, నీళ్ల వాలు చూసుకుంటూ వంకర్లు పోతూ వచ్చారు. వాళ్లలో ఒకాయన మా నూలు చూసి, ‘దారేస్తాండ్లా, జంపఖాన నేస్తాండ్లా?’ అన్నాడట. నాయిన ఆ రోజు నుంచి నూలు ఇంకా బిగించి లాగాడు. నాకు నవ్వు ఆగలేదు గాని, ఆయన ముందు నవ్వే ధైర్యం లేదు.

తీరా దగ్గరపడ్డాక చూస్తే రెండు దారులూ కలవలేదు. మాది గట్టు పైన తేలింది, వాళ్లది కింద తేలింది. నడుమ తోటకూర మళ్లు. అవి అవ్వవి. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె వాటి మీదే బతుకుతోంది. మళ్లు తీసేసి దారి చక్కగా కలపాలని అందరూ అన్నారు. అప్పటిదాకా ఏ విషయంలోనూ కుదరని రెండు వైపుల వాళ్లకూ అక్కడ బాగా కుదిరింది. గట్టు సర్కారుది, ఆమె దగ్గర పట్టా లేదు. నోరెత్తి అడగవేం అని నేను అవ్వ మీదే కోప్పడ్డాను.

‘కాయితం లేనోళ్లం బిడ్డా. మనదని ఎట్లంటం?’ అంది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ నాయినను అడిగేశాను. ఈ గట్టు దారి పడితే ఎక్కువ సుఖపడాల్సింది ఆమే కదా, ఆమె మళ్లే తీసేస్తే ఆ దారిన ఏం తెచ్చుకుంటుంది అని. నాయిన కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఎక్కువ మాట్లాడానేమోనని భయమేసింది.

తెల్లారి అందరి ముందూ నాయిన తాను పాతిన చివరి గుంజ పెరికాడు. నూలు ఉండ అవ్వ చేతిలో పెట్టాడు.

‘రోజు ఎట్ల నడుస్తవో గట్లనే నడువవ్వా. నీ ఎనుక గుంజలు నేను పాతుత.’

మళ్ల అంచు పట్టుకుని చుట్టూ పోతుందనుకున్నాం. ఆమె సరాసరి నడుమకే నడిచింది. ఏళ్ల తరబడి ఆమె నీళ్లు మోస్తూ నడిచీ నడిచీ అక్కడ సన్నటి గట్టు ఒకటి గట్టిపడి ఉంది. రెండు మలుపులు తిరిగి, ఒక్క మొక్క నలగకుండా రైతుల దారిలో తేలింది. నాయిన ఒంగి, వంకర టింకరగా గుంజలు పాతుకుంటూ ఆమె వెనకే పోయాడు. ఆయన్ను చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

దారి అక్కడ మాత్రం ఒక మనిషి పట్టేంతే. సైకిళ్లు దిగి నడిపించుకోవాలి. దిగినవాళ్లు ఎలాగూ కూర కొనేవాళ్లు. నేనూ ఆ వారమే ఊరు చూసొచ్చాను. ఇళ్లన్నీ వాగుకు వీపు పెట్టి కూర్చున్నాయి.

అవ్వ మళ్ల పక్కనే కూర్చుని అమ్మడం మొదలుపెట్టి మా వాడకు రావడం మానేసింది. ఆమె మెడకు బరువు తప్పిందని సంతోషించాల్సింది పోయి, నాకు దిగులేసింది. ఉండబట్టలేక వెళ్లి, ఒక్కసారి వచ్చి పోరాదా అని బతిమాలాను.

‘ఇన్నేండ్లు నేనే అచ్చిన బిడ్డా,’ అంది. ‘ఇగ మీరు రాండ్రి.’